ఆరెంజ్ ఎప్పుడూ పైనే: చలిలో జింకల వేటకు బట్టల మీద ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారమండి. ఇక్కడ అమెరికాలో తుపాకీతో జింకల వేట సీజన్ దగ్గర పడింది. తోటి వేటగాడు జింకనుకుని కాల్చకుండా వేసుకునే ఆరెంజ్ బట్టల గురించే ఈ గంటంతా మాట్లాడుకుందాం. వేట భద్రత తరగతులు చెప్పే శిక్షకులు స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ విస్కాన్సిన్ నుంచి. చెప్పండన్నా.

శ్రోత: నమస్తే అండి. నాకు మందపాటి ఆరెంజ్ జాకెట్ ఉంది. కారు దగ్గర్నుంచి ట్రీ స్టాండ్ దాకా, అదే చెట్టుకి బిగించి కూర్చునే సీటు దాకా, ముప్పావు మైలు నడక. అది వేసుకుని నడిస్తే చెమటతో తడిసిపోతున్నా. కూర్చున్న గంటకే వణుకు మొదలవుతోంది. విప్పి బ్యాగుకి కట్టేస్తే లోపలున్నది గోధుమరంగు ఫ్లీసు చొక్కా. ఏం చెయ్యమంటారు?

శిక్షకుడు: ముందు ఆ విప్పడం మానెయ్యండి. తెల్లారీ తెల్లారని వేళ పొదల మధ్య గోధుమరంగు కదిలితే అవతలి వేటగాడు ఏమనుకుంటాడో వేరే చెప్పక్కర్లేదు. అసలు చిక్కేమిటంటే, ఒకే జాకెట్‌కి మీరు రెండు పనులు అప్పజెప్పారు, వెచ్చగా ఉంచడం, కనబడేలా చెయ్యడం. వెచ్చదనం గంటగంటకీ మారుతూ ఉండాలి. కనబడడం క్షణం కూడా మారకూడదు. రెంటినీ విడదీయండి. పల్చటి ఆరెంజ్ వెస్ట్, అంటే చేతుల్లేని పైకోటు, ఒకటి తీసుకుని, కారు దిగిన దగ్గర్నుంచి తిరిగి కారెక్కే దాకా అన్నిటికంటే పైన అదే ఉంచండి. మిగతా పొరలు దాని కింద ఎన్ని వేసినా, ఎన్ని తీసినా ఇబ్బంది లేదు.

శ్రోత: సైజు ఎలా చూసుకోవాలి?

శిక్షకుడు: మీ దగ్గరున్న లావుపాటి కోటు వేసుకుని షాపుకెళ్ళండి, దాని మీదే తొడిగి చూడండి. మామూలు సైజుకి ఒకటి రెండు సైజులు పైది పడుతుంది. పక్కన బిగించుకునే పట్టీలుంటే పల్చటి ఫ్లీసు మీద కూడా వేలాడదు. గుడ్డ మెత్తటి అల్లిక పాలియెస్టర్‌దై ఉండాలి. రోడ్డు పనివాళ్ళ ప్లాస్టిక్ లాంటి వెస్ట్ చలికి బిరుసెక్కి, చెయ్యెత్తితే చాలు చప్పుడు చేస్తుంది.

వ్యాఖ్యాత: మరి ఆ చెమట సంగతి?

శిక్షకుడు: బయల్దేరేటప్పుడు కాస్త చలేస్తుండాలి. కారు దగ్గరే హాయిగా ఉందంటే ఒక పొర ఎక్కువైనట్టే. 15 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 9 సెల్సియస్ అనుకుందాం. ఒంటికి చదరపు మీటరుకి 150 నుంచి 200 గ్రాములుండే మెరినో ఉన్ని బనియను, మీద పల్చటి ఫ్లీసు, ఆపైన వెస్ట్. నడకకి అంతే. మందపాటి కోటు బ్యాగులో. ఆఖరి వంద గజాలు నెమ్మదించండి. స్టాండ్ దగ్గరికి చేరగానే జిప్పు తెరిచి ఐదు నిమిషాలు ఆవిరి పోనివ్వండి. బనియను తడిస్తే పొడిది మార్చుకుని అప్పుడు కోటు తొడగండి, దాని మీద వెస్ట్. ఒంట్లో వేడి పూర్తిగా దిగే దాకా మాత్రం ఆగొద్దు. ఒకసారి వణుకు పట్టాక ఎంత కోటైనా మళ్ళీ వెచ్చబడడానికి చాలాసేపు పడుతుంది.

కాటన్ బనియను, జీన్సు ఇంట్లోనే వదిలేయండి. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు త్వరగా ఒంటి వేడిని లాగేస్తుంది. కాటన్ ఆ నీటిని పట్టుకుని కూర్చుంటుంది. మెరినో తన బరువులో సుమారు మూడో వంతు తేమ పీల్చినా ఒంటికి తడి అనిపించదు. పాలియెస్టర్ తేమను దాదాపు పీల్చదు, అందుకే తొందరగా ఆరుతుంది. వాసన పట్టడం దాని లోపం.

గాలిని కూడా లెక్కలో వేసుకోండి. అదే 15 డిగ్రీలకి గంటకి 20 మైళ్ళ గాలి తోడైతే ఒంటికి మైనస్ 2 లాగా తగులుతుంది. ఉత్త ఫ్లీసులోంచి గాలి దూరిపోతుంది. కాబట్టి స్టాండ్ మీద వేసే కోటుకి గాలి ఆపే పొర ఉండాలి.

వ్యాఖ్యాత: పెన్సిల్వేనియా నుంచి ఇంకో ఫోన్. చెప్పమ్మా.

శ్రోత: నమస్తే సార్. ఇదే నా మొదటి సీజన్. మా దగ్గర 250 చదరపు అంగుళాల ఆరెంజ్ ఉండాలంటున్నారు. టోపీ, వెస్ట్ కొన్నాను. సరిపోతుందా?

శిక్షకుడు: అది తల, ఛాతీ, వీపు మూడూ కలిపి చెప్పిన లెక్కమ్మా. చుట్టూ ఎటునుంచి చూసినా కనబడాలి. టేపు పెట్టి కొలవండి. వెస్ట్ ముందు భాగం 16 అంగుళాల వెడల్పు, 18 పొడవు అనుకుంటే 288. మెడ దగ్గర, చంకల దగ్గర కోతలు తీసేసినా చాలా మిగులుతుంది. వెనకా అంతే. కాగితం మీద నిక్షేపంగా సరిపోతుంది. మీరు బ్యాగు తగిలిస్తారా?

శ్రోత: అవును సార్, వీపుకి.

శిక్షకుడు: అక్కడే దెబ్బ తింటారు. బ్యాగు వీపంతా కప్పేస్తుంది, దాని పట్టీలు ఛాతీ మీద ఇంకొంత తినేస్తాయి. బ్యాగుకి ఆరెంజ్ కవర్ వేయండి. ఇంకొకటి, చలేసినప్పుడు జాకెట్ హుడ్ టోపీ మీదికి లాక్కుంటాం. ఆ హుడ్ ఆకుల రంగుదైతే టోపీ ఉండీ లేనట్టే. చెవులు కప్పే ఆరెంజ్ ఉన్ని టోపీ తీసుకుంటే హుడ్ అవసరమే రాదు. జేబులో తెల్ల రుమాలు, తెల్ల టిష్యూ కూడా వద్దు. తెల్లతోక జింక తోకెత్తితే కనబడేది ఆ తెలుపే.

వ్యాఖ్యాత: కొలరాడో నుంచి ఎవరో చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు.

శ్రోత: సార్, నేను ఎల్క్ అనే పెద్ద జింక వేటకి ఆరెంజ్ మీద నల్ల కొమ్మల డిజైన్ ఉన్న జాకెట్ కొన్నాను. కొట్లో చెల్లుతుందన్నారు.

శిక్షకుడు: మీ రాష్ట్రంలో చెల్లదండి. రైఫిల్‌తో ఎల్క్ వేటకి కొలరాడోలో నడుం పైన 500 చదరపు అంగుళాలు, డిజైన్ లేని ఫ్లోరసెంట్ ఆరెంజ్ గానీ పింక్ గానీ ఉండాలి. అందులో తలమీదది తప్పనిసరి. విస్కాన్సిన్‌లో లెక్క వేరు, అక్కడ నడుం పైన కనబడే బట్టలో సగం ఉండాలి కాబట్టి డిజైన్ ఉన్నా సగం రంగు నిండితే సరిపోతుంది. పింక్ కూడా అక్కడ 2016 నుంచి చెల్లుతోంది. ఒక రాష్ట్రంలో కొన్నది ఇంకో రాష్ట్రంలో పనికొస్తుందని అనుకోకండి, ఆ ఏడాది రూల్ బుక్ చూసుకోండి. చట్టం ఒప్పుకున్న చోట కూడా నేనైతే డిజైన్ ఉన్నది కొనమనను. మనిషి ఆకారాన్ని ముక్కలు చెయ్యడమే ఆ కొమ్మల పని. దూరంగా ఉన్నవాడికి మీరు నిండు మనిషిలా కనబడాలి గదా.

శ్రోత: నిండు ఆరెంజ్ వేస్తే జంతువు పసిగట్టదా?

శిక్షకుడు: జింక కంట్లో రంగును పట్టే కణాలు రెండు రకాలే. ఒకటి నీలం వైపు, ఇంకోటి పచ్చ వైపు. ఎరుపుకీ ఆరెంజ్‌కీ విడిగా కణం లేదు. మనకి కొట్టొచ్చినట్టు కనబడేది దానికి చప్పగానే ఉంటుంది. నీలం, అల్ట్రావయొలెట్ మాత్రం మనకంటే బాగా చూస్తుంది. కాబట్టి భయపడాల్సింది ఆరెంజ్‌కి కాదు, మీ సబ్బుపొడికి. బట్టలు తళతళలాడడానికి అందులో కలిపే బ్రైటెనర్లు ఆ నీలపు వెలుగునే వెనక్కి పంపిస్తాయి. ఆపైన మీ కదలిక. పక్షుల వేట వేరే కథ, వాటికి రంగులు బాగా తెలుస్తాయి.

వ్యాఖ్యాత: మినిసోటా నుంచి ఒకరు. త్వరగా అడగండి, టైము తక్కువుంది.

శ్రోత: స్టాండ్ మీంచి పడకుండా కట్టుకునే హార్నెస్ కోటు పైనా, లోపలా? కాళ్ళు కూడా మొద్దుబారుతున్నాయి.

శిక్షకుడు: నేల మీద ఉండగానే, ఫ్లీసు మీద హార్నెస్ బిగించండి. కోటుకి వీపున చీలిక ఉంటే చెట్టుకి కట్టే పట్టీ అందులోంచి బయటికి తీయొచ్చు. లేకపోతే కోటు వేసుకుని దాని మీదే బిగించండి, అప్పుడు తొడ పట్టీల కొలత మళ్ళీ సరిచూసుకోవాలి. పైకెక్కాక కోటు కోసం హార్నెస్ విప్పడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వెస్ట్ అన్నిటికంటే పైన, పట్టీ మెడ వెనక నుంచి రానివ్వండి. కాళ్ళకి మందపాటి మేజోళ్ళు రెండు జతలు తొడుగుతున్నారా?

శ్రోత: అవునండీ.

శిక్షకుడు: ఒకటి తీసెయ్యండి. బూటు బిగుతైతే రక్తం ఆడదు, చిక్కుకోవాల్సిన గాలికి చోటుండదు. కూర్చుని చేసే వేటకి చదరపు మీటరుకి 800 నుంచి 1000 గ్రాముల ఇన్సులేషన్, అంటే చలి ఆపే పొర ఉన్న బూటు, అందులో వేళ్ళు ఆడాలి. ఎక్కువ నడిచేవాళ్ళకి 400 చాలు.

వ్యాఖ్యాత: ఆఖరి ఫోన్.

శ్రోత: సార్, నా వెస్ట్ పాతది, కొంచెం వెలిసింది. ఇంకో ఏడాది లాగొచ్చా?

శిక్షకుడు: ఆ రంగు మామూలు రంగు కాదండి. అల్ట్రావయొలెట్, నీలం లాంటి వెలుగును పీల్చుకుని ఆరెంజ్‌గా బయటికి వదులుతుంది. మబ్బులోనూ సందెవేళా అది వెలుగుతున్నట్టుండేది అందుకే. పూర్తిగా చీకటి పడితే పీల్చడానికి వెలుగే ఉండదు, అప్పుడు తలకి లైటు పెట్టుకోవాల్సిందే. ఎండ పడేకొద్దీ ఆ గుణం చచ్చిపోతుంది. సాయంత్రం నీడలో కొత్త టోపీ పక్కన మీ వెస్ట్ పెట్టి యాభై అడుగుల నుంచి చూడండి. పక్కదానితో పోలిస్తే ఇటుక రంగులా అనిపిస్తే మార్చెయ్యండి. నెత్తురు, బురద మరకలు వదలనిదీ అంతే.

శ్రోత: కొత్తది ఎలా ఉతకాలి?

శిక్షకుడు: బ్రైటెనర్ లేని సబ్బు, చల్లనీళ్ళు, తిరగేసి ఉతకాలి. బ్లీచు వద్దు. ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ అసలే వద్దు, అది బనియన్ల పోగుకి పూతలా అంటుకుని చెమటని లాగనివ్వదు. వెస్ట్ నీడలో ఆరేయండి. వాటర్‌ప్రూఫ్ కోటు మాత్రం లేబుల్ ఒప్పుకుంటే డ్రయ్యర్లో తక్కువ వేడి మీద ఒక ఇరవై నిమిషాలు తిప్పండి. నీటిని జారగొట్టే పూత ఆ వేడికి మళ్ళీ పనిచేస్తుంది. అప్పటికీ నీటిబొట్టు ఇంకుతుంటే స్ప్రే కొట్టాల్సిందే.