రాజకీయం తీసేసి మెచ్చుకుంటే ఎట్లా?

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ రోజు బెంగళూరు మారతహళ్లి నుంచి మాట్లాడుతున్నాం. మనతో ఉన్న అక్క సొంతూరు మదనపల్లె. పీణ్యలో ఓ గార్మెంట్ కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది. సాయంత్రాలు వార్డు రాజకీయాల మీద రాస్తుంది, తెలుగులోనూ కన్నడలోనూ. పోయిన నెల ఇక్కడి ఓ కన్నడ దినపత్రిక ఆమె మీద సగం పేజీ వేసింది. అక్కా, ముందు అభినందనలు.

అక్క: థాంక్స్ రా. సంతోషంగానే ఉంది. మా అమ్మకు కన్నడ చదవడం రాదు, తెలిసినవాళ్లతో చదివించుకుని నాకు ఫోన్ చేసింది.

హోస్ట్: అసలు పేపర్ దాకా ఎట్లా పోయింది విషయం?

అక్క: మా ఏరియాలో రాజకాలువ ఉంది, అదే వాన నీళ్లు పోయే పెద్ద కాలువ. వానలకు ముందు పూడిక తీశామని ఒక కాంట్రాక్టరు బిల్లు పెట్టుకున్నాడు. నేను ఆర్టీఐ, అదే సమాచార హక్కు దరఖాస్తు వేసి బిల్లూ, ఎం.బి. కాపీ తెప్పించుకున్నా.

హోస్ట్: ఎం.బి. అంటే?

అక్క: మెజర్‌మెంట్ బుక్కు. ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత లోతు పని జరిగిందో ఇంజనీరు కొలిచి రాసి సంతకం పెడతాడు. డబ్బులు దాని మీదే కదులుతాయి. అందులో లోతు రాసే చోట పైనుంచి కింద దాకా ఒకటే అంకె. కాలువ అన్నాక ఒకచోట బండలుంటాయి, ఇంకోచోట కల్వర్టు కింద మట్టి పేరుకుపోతుంది. అంత పొడవునా పూడిక ఒకే లోతులో ఎట్లుంటుంది? పొద్దస్తమానం పద్దులు చూసే దాన్ని కదా, నా కన్ను అక్కడే ఆగింది.

హోస్ట్: అది రాశావు.

అక్క: రాశా. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఓ టీవీ వాళ్లు అవే కాగితాలు చూపించారు గానీ ఎవరు తెప్పించారో చెప్పలేదు. ఈ విలేకరి మాత్రం ముందు కాగితాలు అడిగాడు. వచ్చిన కవరు మీద పోస్టు ముద్ర కూడా చూశాడు. టేపు పట్టుకుని నాతో పాటు కాలువ గట్టు మీదికి వచ్చాడు. కార్పొరేషన్ ఆఫీసు వాళ్ల వివరణ తీసుకున్నాడు. అన్నీ సరిచూసుకున్నాకే నా పేరు వేసి రాశాడు. నాకు దక్కిన గౌరవం అదిరా. స్టేజీ ఎక్కించి శాలువా కప్పినా నాకింత తృప్తి ఉండేది కాదు.

హోస్ట్: మరి ఎడిటర్‌కి ఉత్తరం రాశావంట కదా, ఎందుకు?

అక్క: అందులో నన్ను రాజకీయాలకు అతీతంగా పనిచేసే సామాన్య మహిళ అన్నారు. నేను అతీతం కాదు. నాకు పార్టీ లేదు, రాజకీయం ఉంది. ఆ బిల్లు ఎందుకు అడిగాననుకున్నావు? కాలువలో దిగి బురద ఎత్తిన వాళ్లకు కూలీ ఎంత రాశారో చూద్దామని. నేను చూసిన రోజు వాళ్లకు చేతులకు గ్లౌజుల్లేవు, కాళ్లకు బూట్లు లేవు. కూలీ లెక్క వెతుకుతుంటే లోతు లెక్క దొరికింది. పేపర్లో ఏమో లోతు మిగిలింది, కూలీల పేరా మొత్తం ఎగిరిపోయింది.

హోస్ట్: జాగా లేక తీసేసి ఉండొచ్చు కదక్కా.

అక్క: ఉండొచ్చు. ఆ విలేకరి అబ్బాయి రాసిచ్చాడు, పేపర్ డెస్కులో పోయింది. కానీ ఎప్పుడూ అదే ఎందుకు పోతుంది? కాలువ శుభ్రంగా ఉండాలంటే ఎవరికీ అభ్యంతరం లేదు, అందరూ చప్పట్లు కొడతారు. ఆ కాలువలో దిగే పని తరతరాలుగా ఏ కులం వాళ్ల నెత్తిన పడిందో అడిగితే మాత్రం ఈమెకేదో ఉద్దేశం ఉందంటారు. ఉంది. ఆ ఉద్దేశం లేకపోతే నేను ఆ కాగితాలే అడిగేదాన్ని కాదు.

హోస్ట్: ఉత్తరం వేశారా మరి?

అక్క: వేశారు. చిన్నదే, కానీ కూలీల మాట ఉంది. ఆ సగం పేజీ కంటే నేను దాచిపెట్టుకుంది ఆ నాలుగు లైన్లే. మన వీరేశలింగం గారిని చూడు. 1874లో ‘వివేకవర్ధని’ పెట్టి లంచాలు తినే అధికారుల గుట్టు రట్టు చేశాడు, వితంతు వివాహాల కోసమూ అందులోనే వాదించాడు. లంచం సంగతి మెచ్చుకుని రెండోది వదిలేస్తే ఆయన్ని మెచ్చుకున్నట్టేనా? ఈ ఊళ్లోనే కన్నడ రచయిత లంకేశ్ గారు 1980లో వారపత్రిక పెట్టి ప్రకటనలు తీసుకోకుండా నడిపారు. ఎవరి మీదైనా రాయగలిగారంటే అందుకే.

హోస్ట్: ఆయన కూతురు, జర్నలిస్టు గౌరీ లంకేశ్‌ని 2017 సెప్టెంబర్ 5న రాజరాజేశ్వరినగర్‌లో ఇంటి ముందే కాల్చి చంపారు. ఫోటో పడ్డాక నీకు భయం వేయలేదా?

అక్క: వేసింది. అమ్మ ఇప్పటికీ రాత్రి పది దాటితే ఇంటికి చేరావా అని అడుగుతుంది. నలుగురికీ తెలిస్తే ఏం కాదని నేననను. గౌరి గారు ఎవరికి తెలీదు? కాకపోతే ఆఫీసు వరండాలో నిలబడి నీకెందుకమ్మా ఇవన్నీ అని గొంతు పెంచేవాళ్లు ఇప్పుడు కూర్చోమంటున్నారు. ఒక విలేకరి ఈ ఫైలును చూస్తున్నాడని వాళ్లకు తెలుసు. ఫోటో తీసేటప్పుడు మాత్రం నా వెనకాల కూలీలెవరూ పడకూడదని గట్టిగా చెప్పా. నా ఉద్యోగం పీణ్యలో. వాళ్ల కూలీ ఆ కాంట్రాక్టరు చేతిలో.

హోస్ట్: ఇదంతా కార్పొరేటర్ అడగాల్సింది కదా?

అక్క: ఏ కార్పొరేటర్‌రా? బీబీఎంపీకి, అదే బెంగళూరు నగర కార్పొరేషన్‌కి, 2015 ఆగస్టులో ఎన్నికలు జరిగాయి. 2020 సెప్టెంబర్‌లో కౌన్సిల్ గడువు అయిపోయింది. గడువు తీరేలోపే ఎన్నికలు పెట్టాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్తుంది. మనం ఓటేయకముందే 2025 సెప్టెంబర్‌లో బీబీఎంపీయే పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. అన్నేళ్లు మన వీధి గురించి నిలదీయడానికి గెలిచిన మనిషంటూ లేడు. ఇట్లాంటప్పుడు సిటీ పేజీ విలేకరి, నాలాగా కాగితాలు తెప్పించేవాళ్లు, రోడ్డెక్కేవాళ్లు, వీళ్లే దిక్కు. రోడ్డెక్కిన వాళ్లే ఎక్కువ సాధించారు, అది చెప్పాలి. 2022 జూలైలో పౌరకార్మికులు, అదే వీధులు ఊడ్చేవాళ్లు, సమ్మె చేసి కూర్చుంటే ఉద్యోగం పర్మినెంట్ చేసే మాట వచ్చింది. 2025 మే డే నాడు 12 వేల మందికి పైగా పర్మినెంట్ ఉత్తర్వులు అందుకున్నారు. అందులో ఆడవాళ్లే ఎక్కువ. సగం పేజీలు వేయాల్సింది వాళ్ల మీద.

హోస్ట్: మా వీధిలో కూడా ఇట్లాంటి పని ఒకటుందక్కా. నేను అడగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

అక్క: పది రూపాయల పోస్టల్ ఆర్డర్ తీసుకో. కర్ణాటకలో ఒక దరఖాస్తులో ఒకటే విషయం అడగాలి, అదీ 150 పదాల్లోపు. అందుకని ఊరికే కథంతా రాయకు. పని పేరు, బిల్లు కాపీ, ఎం.బి. కాపీ, కూలీల హాజరు పట్టీ. పేజీకి రెండు రూపాయలు కట్టమంటారు, కట్టు. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయి.

హోస్ట్: కన్నడలో రాయాలా?

అక్క: రాయి. రాకపోతే నాకు పంపించు, ఆదివారం కూర్చుని సరిచేద్దాం. హాజరు పట్టీ మాత్రం మర్చిపోవద్దు, అది అడిగేవాళ్లే తక్కువ.