గుంటనక్క అడుగు గుర్తుపట్టడం ఎట్లా? అనంతపురం బీడులో లైవ్‌గా చూద్దాం

అందరికీ నమస్కారం. గాలి ఎక్కువుంది, గొంతు వినపడుతుందనే అనుకుంటున్నా. ఇప్పుడు కళ్యాణదుర్గం పక్కన బీట్లో ఉన్నాం. ఆ పక్క శనక్కాయ చేను, ఈ పక్క వంక. గుంటనక్కకు ఇంతకన్నా మంచి చోటు లేదు.

ముందు జంతువు ఏదో తేల్చుకుందాం. స్క్రీన్ మీద రెండు ఫోటోలు చూడండి. ఎడమ పక్కది రెడ్ ఫాక్స్. తోక కొన తెల్లగా ఉంది, చెవుల వెనక నలుపు. మన దేశంలో ఇది కాశ్మీర్, లడఖ్, ఇంకా రాజస్థాన్, కచ్ ఎడారి వైపు ఉంటుంది. మన సీమలో లేదు. కుడి పక్కది మన గుంటనక్క, ఇంగ్లీషులో ఇండియన్ ఫాక్స్. తోక కొన నలుపు. జూమ్ చేస్తా... ఆ, కనపడింది కదా. మామూలు నక్కకూ కొన నల్లగానే ఉంటుంది, అందుకని నిడివి చూడండి. గుంటనక్క తోక ఒంట్లో సగానికి పైనే, గుబురుగా. ఒళ్లు సన్నం, బరువు 2, 3 కిలోలే. నక్క 8 కిలోల పైమాటే.

సరే, జాడకు పోదాం. బండిబాట, వంక ఇసుక, మెత్తటి దుమ్ము, ఇవి చాలు. పొద్దున్నే రండి, మేకలు దిగకముందే. ఫోన్ తీశారా, సైజు తెలిసేట్టు అడుగు పక్కన నాణెం పెట్టారా, పైనుంచి నిటారుగా ఫోటో కొట్టండి. అంతే. ఫ్లాష్ మాత్రం వద్దు. ఇంకో ఫోన్ టార్చ్ నేల మీద పెట్టి పక్కనుంచి వెలుగు వేయండి, ఇట్లా. నాకు ఏ యాప్ కన్నా ఇదే ఇష్టం. నీడ పడిందంటే గోరు గీత కూడా లేచి వస్తుంది.

ఇప్పుడు అసలు పని. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఎక్కువమంది తడబడేది ఇక్కడే. నాలుగు వేళ్లు, ముందు గోర్లు. గోర్లు లేకపోతే పిల్లి, వదిలేయండి. గోర్లు ఉన్నాయి. అంటే కుక్క, నక్క, గుంటనక్క, ఈ మూడిట్లో ఒకటి. మధ్య రెండు వేళ్ల మెత్తలు చూడండి. వెనక భాగం చూడండి, ముందు కాదు. అవి వెనక పక్క కలిసిపోయి ఉంటే అది నక్క. విడివిడిగా ఉన్నాయా? మళ్ళీ చూపిస్తా, టార్చ్ ఇటు తిప్పుతా... ఇదో, మధ్యలో సన్నగా మట్టి గీత లేచి ఉంది. విడివిడిగానే ఉన్నాయి. నక్క కాదు.

మరి కుక్కపిల్ల అయితే? సైజు ఒక్కటే చూస్తే తేలదు. అడుగుల వరస చూడండి. గుంటనక్క నడక ఎక్కువగా గీత గీసినట్టు పోతుంది, ముందు కాలు పడిన చోటే వెనక కాలు. కుక్క అట్లా కాదు, అటు వాసన చూస్తుంది, ఇటు వాసన చూస్తుంది, అడుగులు చెదురుతాయి. అందుకే ఒక్క అడుగు చూసి చెప్పొద్దు. పది అడుగులన్నా వెంటబడండి.

బాట మీద రాయి పైన పెంట కనపడితే పుల్లతో విప్పండి, చేత్తో ముట్టొద్దు. ఇందులో పురుగు రెక్కల పెంకులు మెరుస్తున్నాయి, చూడండి. ఇది రేగ్గాయ గింజ, ఇవి ఎలుక బొచ్చు. చెదలు, మిడతలు, ఎలుకలు, రేగ్గాయలు, దీని తిండి ఎక్కువగా ఇదే. చేన్లో ఎలుకల్ని తినే ఈ జీవిని రైతు తరిమేస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. నంద్యాల వైపు రోళ్లపాడు అంటే బట్టమేక పిట్ట ఒక్కటే గుర్తొస్తుంది మనకు, అక్కడి గడ్డి నేలల్లో గుంటనక్క మీద కూడా పరిశోధన జరిగింది.

ఇంక నేలలో బొక్కలు. ఒకే చోట నాలుగైదు నోళ్లు కనపడితే అది దాని ఇల్లు కావచ్చు. చలికాలంలో జత కడతాయి, దాదాపు 50 రోజులకు పిల్లలు. అంటే ఎండలు ముదిరేలోపు లోపల కూనలు ఉంటాయి. బయట కొత్త మట్టి, చిన్న చిన్న అడుగులు కనపడ్డాయా, అక్కడినుంచే వెనక్కి రండి. పొగ పెట్టడం, తవ్వడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. జంతువు కదిలితే దానంతటదే ఫోటో తీసే ట్రాప్ కెమెరా పెట్టాలన్నా అటవీ శాఖను అడిగే పెట్టండి.

మీ ఊర్లో దొరికిన అడుగు ఫోటో కింద పెట్టండి, చూసి చెప్తా. పక్కన 10 రూపాయల నాణెం ఉండాలి, అది 27 మిల్లీమీటర్లు. నాణెం లేకుండా పంపితే అడుగు ఎంత సైజో నేను చెప్పలేను.