ఎంటర్ కొట్టే ముందు: ఆర్ఎం కమాండ్ గురించి కొంచెం మాట్లాడుకుందాం

అందరికీ నమస్తే. వెనక వరసకి వినిపిస్తోందా? సరే. టెర్మినల్‌లో ఫైల్ డిలీట్ చేయడం గురించి ఇంతసేపు చెప్పడానికి ఏముంది, ఆర్ఎం అని కొట్టి పేరు రాస్తే పోతుంది కదా అనుకుంటూ ఉంటారు కొంతమంది. పోతుంది, అదే కదా గొడవ! మౌస్‌తో డిలీట్ కొడితే ట్రాష్‌లోకి వెళ్తుంది, కావాలంటే మళ్ళీ తెచ్చుకుంటాం, ఆర్ఎంకి ఆ ట్రాష్ సంగతే తెలీదు, మామూలుగా అయితే అడగదు, పని అయ్యాక అయిందని కూడా చెప్పదు.

నేను చెప్పేది ఒక్కటే, మీరు టైప్ చేసింది ఆర్ఎం చూడదు. ముందు చూసేది షెల్, అంటే మనం కొట్టిన లైన్‌ని చదివి కమాండ్‌కి అందించే ప్రోగ్రామ్. ఆర్ఎం స్టార్ డాట్ లాగ్ అని కొడితే బ్యాష్ అనే షెల్ ఆ స్టార్‌ని విప్పి, డాట్ లాగ్‌తో ముగిసే పేర్లన్నీ వరసగా పేర్చి ఆ లిస్ట్ ఆర్ఎం చేతిలో పెడుతుంది. ఇప్పుడు పొరపాటున స్టార్‌కీ డాట్ లాగ్‌కీ మధ్య స్పేస్ పడిందనుకోండి, షెల్‌కి అవి రెండు వేర్వేరు, మొదటిది స్టార్ అంటే ఫోల్డర్‌లో కనిపించే ఫైల్స్ అన్నీ, రెండోది డాట్ లాగ్ అనే పేరున్న ఒక ఫైల్. అన్నీ పోతాయి, పోయాక డాట్ లాగ్ అనే ఫైల్ లేదు అని తాపీగా ఒక ఎర్రర్ వస్తుంది.

ఇదేదో భయపెట్టడానికి చెప్తున్న కథ కాదండీ. 2011లో బంబుల్‌బీ అని లినక్స్ లాప్‌టాప్‌లలో ఎన్విడియా గ్రాఫిక్స్ కోసం చేసిన ప్రాజెక్ట్, దాని ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌లో (కమాండ్లు వరసగా రాసి పెట్టిన ఫైల్‌లో) ఆర్ఎం పక్కన స్లాష్ యూఎస్ఆర్ తర్వాత ఒక స్పేస్ పడింది. తీసేయాల్సింది యూఎస్ఆర్ లోపల ఎక్కడో ఉన్న చిన్న ఫోల్డర్, స్పేస్ వల్ల ప్రోగ్రామ్‌లు ఉండే యూఎస్ఆర్ డైరెక్టరీ, అంటే ఆ ఫోల్డర్ మొత్తం టార్గెట్ అయింది. అదీ రూట్ పర్మిషన్‌తో, అంటే దేన్నైనా తుడిచే అధికారంతో.

2015 జనవరిలో గేమ్స్ యాప్ స్టీమ్ వంతు. గేమ్స్ ఆడేవాళ్ళకి తెలుసు కదా, దాని లినక్స్ స్టార్ట్ స్క్రిప్ట్‌లో ఒక లైన్ ఉండేది, ఆర్ఎం హైఫన్ ఆర్ఎఫ్ (లోపలి ఫోల్డర్లతో సహా, అడగకుండా తీసేయ్ అని), పక్కన స్టీమ్ ఫోల్డర్ ఎక్కడుందో దాచుకునే స్టీమ్‌రూట్ అనే వేరియబుల్, స్లాష్, స్టార్. ఒకాయన స్టీమ్ ఫోల్డర్‌ని వేరే చోటికి జరిపారు, వేరియబుల్ ఖాళీగా వచ్చింది. ఖాళీ తీసేస్తే మిగిలేది ఏంటి? స్లాష్ స్టార్, అంటే మెషీన్‌లో ఉన్నవన్నీ! ఆ యూజర్‌కి డిలీట్ చేసే హక్కు ఉన్నవన్నీ పోయాయి, తగిలించి ఉన్న బ్యాకప్ డ్రైవ్‌తో సహా. తమాషా ఏంటంటే ఆ లైన్ పైన రాసినవాళ్ళే స్కేరీ అని కామెంట్ పెట్టుకున్నారు. భయం వేసింది, చెక్ మాత్రం పెట్టలేదు.

ఇక్కడ ఒకటి గమనించండి. స్క్రిప్ట్ పైన సెట్ హైఫన్ యు పెడితే చాలు అంటారు చాలామంది, అది అసలు డిఫైన్ కాని వేరియబుల్‌నే పట్టుకుంటుంది, డిఫైన్ అయ్యి ఖాళీగా ఉన్నదాన్ని వదిలేస్తుంది. స్టీమ్‌ది ఆ రెండో రకం. అందుకే బ్రేసెస్ లోపల వేరియబుల్ పేరు తర్వాత కోలన్, క్వశ్చన్ మార్క్ పెట్టండి, ఖాళీ అయితే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది.

రూట్‌ని, అంటే స్లాష్ అని రాసే అన్నిటికన్నా పై ఫోల్డర్‌ని, డిలీట్ చేయకుండా ప్రిజర్వ్ రూట్ అనే రక్షణ ఉందిగా అని ఇందాక ఒకరు అడిగారు. ఉంది, లినక్స్‌లో డీఫాల్ట్‌గానే ఉంది. ఉత్త స్లాష్ ఇస్తే ఒప్పుకోదు. స్లాష్ స్టార్ ఇస్తే మాత్రం షెల్ ముందే విప్పేసి బిన్, ఈటీసీ, హోమ్ అని విడివిడి పేర్లు ఇస్తుంది, అందులో స్లాష్ అనేదే లేదు, ఇక ఆర్ఎం దేన్ని ఆపుతుంది పాపం.

అందుకని ఏం చేస్తామంటే, ఆర్ఎం ఉండాల్సిన చోట ముందు ఎకో (ఇచ్చిన పేర్లని ఊరికే తెర మీద చూపించే కమాండ్) పెట్టి కొడతాం. ఆర్ఎంకి అందబోయే లిస్ట్ అదే, కళ్ళతో చదవండి. బాగుంటే పైబాణం నొక్కి ఎకో తీసి ఆర్ఎం పెట్టండి. హైఫన్ ఆర్ఎఫ్ అనేది లైన్ చివర్లో రాయండి, మధ్యలో వేలు జారి ఎంటర్ పడినా డైరెక్టరీ పోదు (మ్యాక్‌లో ఈ చివర్లో రాసే పద్ధతి పనిచేయదు). ఫైల్స్ వెతికే ఫైండ్ కమాండ్ వాడితే డిలీట్ అనే ఆప్షన్ ఎప్పుడూ ఆఖరునే, ఏ పేరు వెతకాలో చెప్పే నేమ్ కంటే ముందు పెట్టారా, నేమ్ చూడకుండానే తుడిచేస్తుంది.

ఆర్ఎం అని కొడితే హైఫన్ చిన్న ఐ (తీసేసే ముందు అడుగు అని) దానంతట అదే చేరేలా అలియాస్ పెట్టుకోవడం నాకు నచ్చదు, ఫైల్‌కోసారి అడుగుతుంటే వై, వై, వై అని చదవకుండా కొట్టేస్తాం, పైగా ఆ అలియాస్ లేని సర్వర్‌లో కూడా అడుగుతుందిలే అనే ధీమా ఒకటి. క్యాపిటల్ ఐ మేలు, మూడు ఫైల్స్ దాటినా ఫోల్డర్ మొత్తం అయినా ఒక్కసారి అడుగుతుంది. సొంత మెషీన్‌లో అయితే టెర్మినల్ నుంచే ఫైల్స్‌ని ట్రాష్‌లోకి పంపే ట్రాష్ సీఎల్ఐ వేసుకోండి.

లిస్ట్ కరెక్టే, మెషీన్ తప్పు అయితే? 2017 జనవరి 31న కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సైట్‌లో అదే జరిగింది. రెండో డేటాబేస్ సర్వర్‌లో తుడవాల్సిన డైరెక్టరీని ఇంజినీర్ మెయిన్ సర్వర్‌లో తుడిచారు, ఒకట్రెండు సెకన్లలో తెలుసుకుని ఆపారు, అప్పటికి 300 జీబీలో మిగిలింది 4.5. బ్యాకప్‌లు చూస్తే డంప్ (డేటాబేస్ కాపీ) తీసే ప్రోగ్రామ్ పాత వెర్షన్, ఎప్పట్నుంచో ఫెయిల్ అవుతోంది, ఆ సంగతి చెప్పాల్సిన మెయిల్స్ రిజెక్ట్ అవుతున్నాయి. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ (అప్పటి డేటా కాపీ) ఒకటి దొరికింది. కాబట్టి ప్రొడక్షన్ సర్వర్ (జనం వాడే అసలు సర్వర్) ప్రాంప్ట్‌కి ఎరుపు రంగు వేయండి, ఏ మెషీన్‌లో ఉన్నామో చూడ్డానికి హోస్ట్‌నేమ్ అని ఒకసారి కొట్టండి.

పోయాక దారి ఉందా అంటే, ఒక్కోసారి. ఆర్ఎం చేసేది అన్‌లింక్, పేరు తీసేయడం. ఆ ఫైల్‌ని ఏదైనా ప్రోగ్రామ్ తెరిచి పట్టుకుని ఉంటే డేటా ఇంకా డిస్క్ మీదే ఉంటుంది, ఆ ప్రోగ్రామ్‌ని మాత్రం ఆపొద్దు, స్లాష్ ప్రాక్ ఫోల్డర్‌లో ఆ ప్రోగ్రామ్ ప్రాసెస్ నంబర్ కింద ఎఫ్‌డీ ఫోల్డర్‌లోంచి కాపీ చేసుకోవచ్చు. ఎవరూ పట్టుకుని లేకపోతే, ఎస్ఎస్‌డీలో ట్రిమ్ (ఖాళీ అయిన చోటుని డిస్క్ తుడుచుకునే పని) నడిచిందంటే ఆశ వదులుకోవడమే.

ఇప్పుడు లాప్‌టాప్‌లు తీయండి. టీఎంపీ అనే తాత్కాలిక ఫోల్డర్‌లో ఒక డమ్మీ ఫోల్డర్ చేసి, టచ్ కమాండ్‌తో పది ఖాళీ ఫైల్స్ చేసి, ఒకదాని పేరు హైఫన్ ఎఫ్ అని పెట్టండి, హైఫన్ చూస్తే కమాండ్ దాన్ని ఆప్షన్ అనుకుంటుంది కాబట్టి పెట్టడానికే కాస్త తిప్పలు పడతారు. ఇప్పుడు అదొక్కటే డిలీట్ చేయాలి. ముందు ఎకో.