బడి ఎంత దూరం?

శ్రోతలకు నమస్కారం.

మా బాపమ్మకు సంతకం రాదు, నిశానీయే. వాళ్ల తమ్ముడు మాత్రం హన్మకొండ బళ్లో చదువుకున్నాడు. "వానికి బడి ఉండె, నాకు పొయ్యి ఉండె" అని నవ్వుతూనే అనేది. తమ్ముడి చదువు కూడా సుఖంగా ఏమీ సాగలేదు. ఇంట్లో మాట తెలుగు, బళ్లో పాఠం ఉర్దూ. లెక్క వచ్చినా, సారు అడిగింది అర్థం కాక దెబ్బలు తినేవాడట.

అది నిజాం కాలం. సంస్థానంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లే అయినా సర్కారు భాష ఉర్దూ. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం పై చదువులన్నీ ఉర్దూలోనే చెప్పింది. ఇంగ్లీషును కాదని ఒక దేశభాషలో అంత పని చేయడం గొప్పే, కాదనను. కానీ ఆ భాష మా పల్లె పిల్లలది కాదు. పోనీ తెలుగు నేర్పే ఖాంగీ బడి, అంటే ప్రైవేటు బడి ఒకటి సొంతంగా పెట్టుకుందామా అంటే, 1924 నుంచి దానికీ సర్కారు అనుమతి కావాల్సి వచ్చింది. హన్మకొండలో 1904 నుంచే ఉన్న రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం లాంటి గ్రంథాలయాలే తెలుగు చదువుకు నీడ.

బడి గడపే తొక్కనివ్వని కులాల పిల్లల సంగతి వేరే చెప్పాలి. వాళ్ల కోసం భాగ్యరెడ్డి వర్మ 1910లో హైదరాబాదులో బడి తెరిచారు. ఒక్కదానితో ఆగకుండా ఇంకా పెట్టుకుంటూ పోయారు.

1950లో రాజ్యాంగం వచ్చింది. పదేళ్లలో, పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందేలా ప్రయత్నించాలని 45వ అధికరణం చెప్పింది. విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. పదేళ్ల వాయిదా అరవై ఏళ్లయింది.

ఈ మధ్యలో ఒక మంచి ఆలోచన మా వైపు మనిషికే వచ్చింది. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టిన పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా, 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకులం మొదలైంది. పిల్లవాడు రోజూ బడికి నడవడం కాదు, బళ్లోనే ఉండి, అక్కడే తిని చదువుకోవడం. పేదింటి పిల్లలకు దూరం అనే బాధ అట్లా తీరింది.

అందరికీ తీరలేదు. విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకానే. ములుగు వైపు చిన్న ఊళ్లలో ప్రాథమికోన్నత పాఠశాల ఏడుతో అయిపోతుంది, హైస్కూలేమో పక్క ఊళ్లో. "మా పిల్లను ఒంటరిగా ఎట్లా తోలుతం సారూ?" అని ఒక తల్లి నన్ను అడిగింది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు గదా అన్నాను.

"టికెట్ లేకుంటే ఏమాయె, బస్సు రావాలె గద" అంది.