జీతం కోసమే కోడింగ్‌కి వచ్చారా? అయితే 12 దగ్గర ఏం వస్తుందో చెప్పండి

"కోడింగ్ అంటే చిన్నప్పట్నుంచీ ప్రాణమండీ!" మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో ఈ మాట అని తీరాలని ఎవరు నూరిపోశారో గానీ, వినీ వినీ విసుగొచ్చేసింది. జీతం బాగుంటుందని వచ్చారా? తప్పేముంది? ఎదురుగా కూర్చున్నాయనా జీతానికే వచ్చాడు. అబద్ధం దొరికిపోయేది ఇక్కడ కాదు. ఎక్కడో ఫిజ్‌బజ్‌తో చూపిస్తా, ఇంటర్వ్యూల్లో రాయమనే చిన్న ప్రోగ్రామ్ అది.

1 నుంచి 100 దాకా సంఖ్యలు ప్రింట్ చేస్తూ, 3 గుణిజాలకి సంఖ్య బదులు ఫిజ్, 5 గుణిజాలకి బజ్, రెండిటికీ ఫిజ్‌బజ్. తెలిసిందే. బట్టీ పట్టినవాళ్లు కూడా 15తో భాగమవుతుందా అనే చెక్ ముందు పెట్టి టకటకా రాసేస్తారు. ఇప్పుడు 3, 5 తీసేసి 4, 6 ఇవ్వండి. 15 ఉన్నచోట చెయ్యి దానంతటదే 24 రాసేస్తుంది, నాలుగార్లు ఇరవైనాలుగు కదా! రన్ చేస్తే 12 దగ్గర ఉత్త ఫిజ్ వస్తుంది. 36, 60, 84 దగ్గరా అంతే. 24, 48 దగ్గర మాత్రం సరిగ్గానే ఉంటుంది, అందుకే పైపైన చూస్తే తప్పు కనపడదు. కావాల్సింది లబ్ధం కాదు, క.సా.గు. 3, 5 విషయంలో రెండూ 15 అవడంతో బట్టీ బండి నడిచిపోయింది. రెండు షరతుల్నీ విడివిడిగా చూసి పదాలు అతికించేవాళ్లకి అసలీ గొడవే లేదు.

రెజ్యూమేలో "క్యాషింగ్ పెట్టి వేగం పెంచాను" (అంటే తరచూ కావాల్సిన డేటాని దగ్గర్లో దాచి ఉంచడం) అని రాశారనుకోండి, అది మీ 15. ఇంటర్వ్యూ చేసేవాళ్లు 4, 6 ఇస్తారు: "యూజర్ పేరు మార్చుకున్నాడు, క్యాష్‌లో పాత పేరే ఉంది. ఏం చేశారు?" నిజంగా చేసినవాళ్లు దాచినదానికి గడువు ఎన్ని సెకన్లు పెట్టారో, పేరు మారగానే క్యాష్‌లోని పాత పేరుని కోడ్‌లో ఎక్కడ తీసేశారో చెప్తారు. మిగతావాళ్లు "ఫాస్ట్‌గా ఉంటుందండీ" దగ్గరే ఆగిపోతారు.

"ట్యుటోరియల్ చూసి కట్టిన యాప్. లాగిన్ అందులోదే, సెర్చ్ నేను చేర్చాను" అని రాయండి. చిన్నతనమేం కాదు. ప్రశ్నలు సెర్చ్ మీదకే మళ్లుతాయి.

టైమ్ అయిపోతోంది, మిగతావి చకచకా. మొత్తం ప్రాజెక్టు ఒకే కమిట్‌లో (గిట్‌లో ఒక్కసారి సేవ్ చేసే మార్పుల మూటలో) పడేయకండి, చేసిన క్రమం కనపడాలి. ఏఐ రాసిన కోడ్ ఉంటే, ఏ లైను తీసేస్తే ఏది ఆగిపోతుందో తీసి చూసి వెళ్లండి. "ఈ రంగమే ఎందుకు?" అంటే, "జీతం చూసి మొదలుపెట్టాను" అని, వెంటనే మీరు పట్టుకున్న ఒక బగ్ చెప్పండి, ఏ లైనులో, ఎలా దొరికిందో. ఇంకొకటి, చేతిలో లేని ఆఫర్ ఉందని జీతం బేరమాడకండి. లెటర్ పంపమంటారు.