ఎన్‌ఫీల్డ్ తూటా: కొవ్వు ఏ కొసన, నోరు ఏ కొసన?

రమ్య: 1857 తిరుగుబాటు అనగానే అందరూ చెప్పేది ఒకటే, సిపాయిల చేత కొవ్వు పూసిన తూటాలు కొరికించారని. నిజమేనా శ్రీధర్ గారూ?

శ్రీధర్: సగమే నిజమండీ. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటా ఓ కాగితపు గొట్టం. ఒక కొసన సుమారు 4.4 గ్రాముల తుపాకీ మందు, రెండో కొసన 34 గ్రాముల సీసపు గుండు. కొవ్వు పూసేది గుండు వైపు, మందు పోయడానికి కొరికి చింపేది మందు వైపు.

రమ్య: అంటే నోటికి తగలదా?

శ్రీధర్: అలా అనలేం. ఎండకి కొవ్వు కరిగి కాగితమంతా పాకుతుంది, వేళ్లకి అంటుతుంది. అది ఏ జంతువు కొవ్వో కాంట్రాక్టులో కచ్చితంగా రాయించుకోలేదు. ఆవుదో పందిదో అన్న సిపాయిల అనుమానం న్యాయమైనదే.

రమ్య: పాత బ్రౌన్ బెస్ తుపాకీకి కొవ్వు అక్కర్లేదుగా?

శ్రీధర్: దాని గొట్టానికీ గుండుకీ మధ్య 1.5 మిల్లీమీటర్ల సందు ఉంటుంది, గుండు జారిపోతుంది. గురి కుదరనిదీ అందుకే. ఎన్‌ఫీల్డ్‌లో సందు పావు మిల్లీమీటరు కూడా లేదు, అందులోనూ కాగితం చుట్టి ఉంటుంది. మందు తుపాకీ గొట్టంలో పోసి, తూటా తిరగేసి, గుండుని కాగితంతో సహా మూతిలో దూర్చి, మిగతా కాగితం తుంచేసి, కడ్డీతో దింపాలి. పేలినప్పుడు గుండు అడుగు విచ్చుకుని, గొట్టం లోపలి మూడు గాడుల్ని పట్టుకుని తిరుగుతూ పోతుంది.

రమ్య: మరి కొవ్వు చేసే పని?

శ్రీధర్: ఆ తుపాకీ మందు కాలాక సగానికి పైగా మసిగానే మిగులుతుంది. కొవ్వు దాన్ని మెత్తగా ఉంచుతుంది. లేకపోతే మసి గట్టిపడి, నాలుగు దెబ్బలు పేల్చేసరికి గుండు దారిలోనే ఇరుక్కుంటుంది. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉండగా పేలిస్తే గొట్టం ఉబ్బొచ్చు, పగలొచ్చు కూడా. అందుకని కొవ్వు మానేయమనడం కుదరదు, వేరే జిడ్డు కావాలి.

రమ్య: ఆ వెసులుబాటు ఇచ్చారా?

శ్రీధర్: జనవరి ఆఖర్లోనే ఇచ్చారు, మీకు నచ్చింది మీరే పూసుకోండని. తర్వాత కొరక్కుండా చేత్తో చింపొచ్చన్నారు. అప్పటికే అనుమానం కాగితం మీదికి పాకింది, ఆ మెరుపు చూసి అందులోనూ కొవ్వుందని.

రమ్య: అందుకే మీరట్‌లో సిపాయిలు తూటాలు తిరస్కరించారా?

శ్రీధర్: ఇక్కడే చాలామంది పొరబడతారు. ఏప్రిల్ 24న 90 మంది అశ్విక సిపాయిల్లో 85 మంది కాదన్నవి ఎన్‌ఫీల్డ్ తూటాలే కావు. వాళ్లు ఏళ్లుగా వాడుతున్న పాత రకం తూటాలే అవి.