ఫ్రేజు, క్లాజు, నడుమ పెన్న

సుజాత: నమస్కారం. పదో తరగతి పిల్లలు పదే పదే అడుగుతున్నందువల్ల, ఇంగ్లీషు వ్యాకరణంలో ఫ్రేజుకూ క్లాజుకూ తేడా ఏమిటో ఈ వారం నెల్లూరు నుంచి మాట్లాడుకుందాము. మాస్టారూ, ఈసారైనా కావలి ప్యాసింజరు ఎక్కకుండా, సాగదీయకుండా చెప్పండి.

రమణయ్య: ఎక్కనులే అమ్మా. కర్తా, కాలాన్ని తెలిపే సమాపక క్రియా కలిసి ఉంటే క్లాజు, ఆ జత లేకపోతే ఫ్రేజు. ‘ఆఫ్టర్ ద రైన్’ ఫ్రేజు, ‘ఆఫ్టర్ ద రైన్ స్టాప్డ్’ క్లాజు.

సుజాత: పొడవును చూసి తేల్చేసే పిల్లలూ ఉన్నారు. ‘ఇన్ ద ఓల్డ్ టెంపుల్ ఆన్ ద బ్యాంక్ ఆఫ్ ద పెన్నా’ ఎంత సాగినా ఫ్రేజే, ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’ మూడు మాటలే అయినా క్లాజు.

రమణయ్య: అందుకే సమాపక క్రియను వెతకమంటాను. ‘క్రాసింగ్ ద పెన్నా, వి రీచ్డ్ నెల్లూర్’ అన్నప్పుడు క్రాసింగ్‌లో కాలం లేదు, దానికి సొంత కర్తా లేదు, కనుక అది ఫ్రేజు.

సుజాత: అక్కడ నేను ఒప్పుకోను. దానికి పెన్న కర్మగా ఉంది, దాటినది మనమేనని తెలుస్తూనే ఉంది. క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ 1985లో వెలువరించిన పెద్ద వ్యాకరణం ఇటువంటివాటిని నాన్‌ఫైనైట్ క్లాజులనే, అంటే సమాపక క్రియ లేని క్లాజులనే అంటుంది.

రమణయ్య: పదో తరగతి పేపర్లు దిద్దేది క్వర్క్ గారు కాదమ్మా. సమాపక క్రియ లేనిదే క్లాజు లేదు.

సుజాత: ‘పెన్న దాటి నెల్లూరు చేరాము’ అన్నది తెలుగు పీరియడులో ఏ వాక్యం?

రమణయ్య: సంశ్లిష్ట వాక్యం.

సుజాత: ‘పెన్న దాటాము’, ‘నెల్లూరు చేరాము’ అనే రెండు సామాన్య వాక్యాలను కలిపించి మరీ దానిని రాయిస్తాము. ‘దాటి’ అసమాపక క్రియే అయినా దాని వెనుక ఒక వాక్యం ఉందని చెప్పి, గంట కొట్టగానే ఇంగ్లీషులో అటువంటి నిర్మాణాన్నే ఉత్త ఫ్రేజు అంటే పిల్లవాడు ఎవరి మాట నమ్మాలి?

రమణయ్య: పరీక్షలో పాఠ్యపుస్తకం మాటే నమ్మాలి. మార్కులు అక్కడే ఉన్నాయి.

సుజాత: మార్కుల వరకు నేనూ అదే చెబుతాను. కానీ ‘ద సన్ హావింగ్ సెట్, వి లెఫ్ట్ మైపాడు’ అన్నదాని మొదటి భాగంలో సొంత కర్త కూడా ఉంది కదా, దానినేమంటారు?

రమణయ్య: కర్త ఉంటే ఉండనీ, సమాపక క్రియ ఏదీ?

సుజాత: బయలుదేరింది మీ కావలి ప్యాసింజరు!

రమణయ్య: నవ్వకమ్మా, ఆ ‘హావింగ్ సెట్’ను విడదీసి చూపిస్తాను, ఆ బోర్డు ఇటు తిప్పు.